స్క్రూ పళ్లకు తొందర పనికిరాదు
గుంటూరు: మిర్చి అమ్మిన డబ్బు చేతికందగానే ఏళ్ల తరబడి వాయిదా వేసిన పనులు ఒక్కొక్కటిగా ముందుకు వస్తాయి. ఊడిన పళ్ల స్థానంలో కొత్తవి పెట్టించుకోవడం అలాంటి పనే. తీసి పెట్టుకునే సెట్టుతో జొన్నరొట్టె నమలలేక విసిగిన వారు ‘స్క్రూ పళ్ల’ కోసం గుంటూరు, ఒంగోలు, విజయవాడ వెళ్తున్నారు. వైద్యులు వీటిని ఇంప్లాంట్లు అంటారు. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి నోటినిండా పళ్లతో తిరిగి రావచ్చునని వెళ్లేవారికి మాత్రం నిరాశ తప్పదు. ఈ పనికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

స్క్రూ టైటానియం అనే లోహంతో చేసింది. దవడ ఎముకకు రంధ్రం చేసి దాన్ని బిగిస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఎముక నెమ్మదిగా పెరిగి లోహాన్ని పట్టుకోవాలి. ఈ సంగతి కనిపెట్టింది స్వీడన్‌కు చెందిన బ్రేన్‌మార్క్. 1952లో ఆయన కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తీయబోతే అది ఊడి రాలేదు. 1965లో మొదటిసారి ఒక మనిషి నోట్లో ఇలాంటి స్క్రూలు బిగించారు. ఆ రోగి 2006లో చనిపోయే వరకు, అంటే నలభై ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి.

కింది దవడ ఎముక గట్టిది కనుక మూడు నెలల్లో పట్టు వస్తుంది. పై దవడకు నాలుగు నుంచి ఆరు నెలలు. ఈలోగా దానిపై గట్టి తిండి నమిలితే, నాటిన మిరప మొక్కను వేరూనిందో లేదో పీకి చూసినట్లే. అదే రోజు తాత్కాలిక పళ్లు బిగించే పద్ధతి కూడా ఉంది గాని, అది ఎముక బలంగా ఉన్న కొందరికే.

మొదట స్కాన్ తీసి ఎముక మందం చూస్తారు. పన్ను పోయి ఏళ్లు గడిస్తే అక్కడ ఎముక అరిగిపోతుంది. అలాంటి వారికి ఎముక పొడి వేసి మరికొన్ని నెలలు ఆగమంటారు. స్క్రూ బిగించేటప్పుడు చిగురుకు మత్తు సూది వేస్తారు. నొప్పి తెలియదు, అదురు తెలుస్తుంది. ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు వాపు మామూలే. ఆ రోజుల్లో పచ్చి మిరపకాయ పచ్చడి, వేడి వేడి కూర మాని, చల్లారిన జావ, మజ్జిగన్నం తీసుకోవాలి. గట్టిగా పుక్కిలించి ఉమ్మరాదు. మత్తు దిగాక కూడా కింది పెదవి తిమ్మిరిగానే ఉంటే మర్నాడే వైద్యుడికి చెప్పాలి. నరం ఒత్తుకుపోయి ఉండవచ్చు. కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు.

స్క్రూకు పెద్ద శత్రువు పొగాకు. పొగాకు పండించే ఈ గడ్డపై చుట్ట, బీడీ మానమంటే ఎవరికైనా కష్టమే. కాని పొగ తాగేవారిలో చిగురుకు రక్తప్రసారం తగ్గి ఎముక పట్టకుండా పోయే అవకాశం ఎక్కువ. గుట్కా, ఖైనీ సంగతీ అంతే. చక్కెర వ్యాధి ఉన్నవారు మూడు నెలల సగటు పరీక్ష చేయించుకుని, అదుపులో ఉందనుకున్నాకే వెళ్లాలి. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి దంత వైద్యుడికి ముందే చెప్పాలి. సొంతంగా మాత్రలు ఆపరాదు. ఎముకల అరుగుదలకు వాడే మందులు, సూదుల సంగతీ దాచరాదు.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. ఆ ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఆ జిల్లాలోని ఫ్లోరైడ్ వ్యాధి గురించి వైద్యులు ప్రచురించారు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. చిన్ననాడు తాగిన నీటివల్ల పళ్లపై గోధుమ రంగు చారలు పడితే, అవి పుచ్చినట్లు కాదు. రంగు నచ్చక గట్టి పన్ను పీకించి స్క్రూ వేయించుకోవడం దండగ. పైపూతతోనో క్యాపుతోనో సరిపోతుంది.

ఖర్చు ఒక్కో పంటికి వేలల్లోనే. స్కాన్, ఎముక పొడి, స్క్రూ, పైన బిగించే క్యాపు అన్నీ కలిపి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోవాలి. స్క్రూ ధర ఒక్కటే చెప్పి, క్యాపు దగ్గర మళ్లీ అడిగే చోట్లున్నాయి. గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులో సిబార్ దంత వైద్య కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. కళాశాలల్లో ఓపిగ్గా నాలుగుసార్లు ఎక్కువ తిరగాల్సి వచ్చినా, ముందు అక్కడ నోరు చూపించుకుంటే ఏది అవసరమో తేలుతుంది. రోడ్డు పక్కన తీగతో పళ్లు కట్టేవారి జోలికి పోవద్దు.

పన్ను బిగించాక దానికి పుచ్చు రాదు. చుట్టూ ఉన్న చిగురు మాత్రం పాచివల్ల చెడుతుంది. పూటపూటా బ్రష్‌తో తోమి, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. స్క్రూ కంపెనీ పేరు, సైజు రాసిన కార్డు వైద్యుడిని అడిగి తీసుకుని, పొలం పాసు పుస్తకంతో పాటు భద్రపరచాలి. పదేళ్ల తర్వాత క్యాపు సడలితే, దాన్ని బిగించే పానా ఏదో ఆ కార్డు చూస్తే మరో ఊరి వైద్యుడికైనా తెలుస్తుంది.