పద్యరంగమునుండి వెండితెరకు: సురభి కమలాబాయి నటజీవితము

తెలుగు చలనచిత్ర చరిత్రను వ్రాయువారు సురభి కమలాబాయి పేరును తప్పక పేర్కొందురు. పేర్కొని ఒక వాక్యముతో ముగింతురు. తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతి పాత్రధారిణి యనునదియే ఆ వాక్యము. నాటకరంగ చరిత్రకారులు సురభి సమాజమును గూర్చి విస్తరముగా వ్రాసియు, ఈమెను చలనచిత్రరంగమునకు అప్పగించి తమ దారిని తాము పోవుదురు. ఇట్లు రెండు చరిత్రలకును చెందిన నటికి ఏ చరిత్రయందును నిండైన స్థానము దక్కలేదు. ఆమె వెంట తీసికొనిపోయిన గానాభినయ విద్య యెట్టిది, ఆ విద్య తెరపై నిలిచినదెంత, నిలువనిదెంత అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. జీవితచరిత్ర వ్రాయుట మా ఉద్దేశము కాదు.

మొదట సమాజమును గూర్చి కొంత. 1885వ సంవత్సరమున కడప మండలములోని సురభి గ్రామమున ఒక వివాహ సందర్భమున 'కీచకవధ' ప్రదర్శింపబడెను. దానికి కారకుడు వనారస గోవిందరావుగారు. ఆ కుటుంబములవారు మహారాష్ట్ర మూలముగలవారు. అంతకుముందు తోలుబొమ్మలాట వారి వృత్తి. గ్రామము పేరే సమాజము పేరై, కుటుంబము పెరిగినకొలది శాఖలుగా చీలి, తెలుగుదేశమంతటను డేరాలు వేసికొని తిరిగినది. కమలాబాయి ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దమున ఈ వంశమున జన్మించినది. తల్లి నాటకమాడుచుండగా రంగస్థలముననే ఆమె పుట్టినదని సురభివారిలో ఒక ప్రసిద్ధి కలదు. దానిని యథాతథముగా గ్రహించినను, కథగా భావించినను మనకు కలుగు నష్టము లేదు. డేరాలో పుట్టి, డేరాలో నిద్రించి, నడక వచ్చిననాటినుండి కృష్ణుడుగనో, ప్రహ్లాదుడుగనో, లవకుశులలో నొకరుగనో వేషము కట్టుట ఆ కుటుంబములందలి పిల్లలకు ఓనమాలవంటిది.

సురభికి తక్కిన సమాజములకు గల ముఖ్యభేదము స్త్రీపాత్రధారణమునందు కానవచ్చును. ఆ కాలపు నాటక సమాజములందు స్త్రీవేషములను పురుషులే ధరించుట ఆచారము. ఆ విద్య స్థానం నరసింహారావుగారి చేతిలో పరాకాష్ఠనందినది. సత్యభామగా వారిని చూచిన ప్రేక్షకులు స్త్రీ ఆ పాత్రను ధరించినను ఇంత సొగసు రాదనిరి. సురభివారు మాత్రము తొలినుండియు తమ యింటి స్త్రీలనే రంగమునకు తెచ్చిరి. సంఘసంస్కారము కొరకు వారిట్లు చేసిరని కొందరందురు. మాకు వేరొక కారణము తోచుచున్నది. తోలుబొమ్మలాటలో తెరవెనుక సీతకును ద్రౌపదికిని గొంతునిచ్చునది ఆ యింటి ఆడుబిడ్డయే. అచ్చట బొమ్మ తెరపై ఆడినను పాట స్త్రీదే. అట్టి కుటుంబము తెరను తొలగించి తానే వేదికపైకి వచ్చినప్పుడు, స్త్రీపాత్రకు పురుషుని వెదకుటయే వారికి వింతగా నుండియుండును. కమలాబాయికి లభించినది ఈ వారసత్వము. తెర వెనుక తరతరములుగా పాడిన స్త్రీ తెర ముందునకు వచ్చిన రెండు తరములకే మరియొక తెరపైకి పోవలసివచ్చినది.

ఇక ఆ విద్య స్వరూపమును చూతము. తెలుగు నాటకమునకు పాటలను చేర్చి, దానిని గానప్రధానముగా చేసినవారిలో బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853-1912) అగ్రగణ్యులు. ఆ తరువాత హార్మోనియము రంగము ప్రక్కన స్థిరపడినది. నటునకు పాట యొక యెత్తు, పద్యము వేరొక యెత్తు. పాటకు తాళము తోడున్నది. పద్యమునకు ఛందస్సు తప్ప వేరు తోడు లేదు. దానిని రాగమున నిలిపి, అర్థము చెడకుండ, భావము జారకుండ, డేరా చివర నేలపై కూర్చున్నవానికి అక్షరమక్షరము వినబడునట్లు చదువవలెను. మైకు లేని కాలమది. అందువలన శ్రుతి హెచ్చుగా నుండెడిది. గొంతు పైస్థాయియందే సంచరించెడిది. ఇది రుచిదోషమని ఈనాడు మనము నవ్వుట సులభము. పసిపిల్లల యేడుపును, డేరా వెలుపలి సందడిని దాటి పోవలసిన గొంతుకు మందరస్థాయి పనికిరాదను సంగతిని ఆ నవ్వువారు మరతురు.

ఇచ్చట ఛందస్సునకు సంబంధించిన యొక విశేషము గమనింపదగినది. సంస్కృత వృత్తమున యతి విరామస్థానము. తెలుగున అది అక్షరమైత్రి మాత్రమే. శార్దూలమున పదుమూడవ అక్షరమునను, మత్తేభమున పదునాల్గవ అక్షరమునను యతి కుదిరినను, అచ్చట ఆగవలెనను నియమము లేదు. పదము యతిస్థానమును దాటి పోవచ్చును. పాదమును దాటియు పోవచ్చును. కావున ఎచ్చట ఊపిరి పీల్చవలెను, ఎచ్చట రాగమును సాగదీయవలెను అనుదానిని అర్థమును బట్టి నటియే నిర్ణయించుకొనును. సీసపద్యమునందు ఈ స్వాతంత్ర్యము మరింత అధికము. నాలుగు పెద్ద పాదములను వచనమునకు దగ్గరగా, కథ చెప్పినట్లు, నడిపించి, ఎత్తుగీతికి వచ్చునప్పటికి గొంతు నెత్తి, చివరి పాదముపై ఆలాపనము సాగించుట రంగస్థల సంప్రదాయము. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అనునది అచ్చటనే. మరల చదివినప్పుడు మొదటివలె చదువరాదు. రాగము నొక మెట్టు మార్చియో, సంగతి నొకటి చేర్చియో చదువవలెను. మోహన, కల్యాణి, బిలహరి వంటి రాగములు ఈ పనికి అనువైనవై పద్యరంగమున పాతుకొన్నవి.

కావున పద్యనాటక నటి గాయని మాత్రమే కాదు, పద్యమునకు వ్యాఖ్యాత్రి కూడ. తరగతిలో మేము దండాన్వయము చెప్పి పద్యమును విప్పుదుము. ఆమె విరామముచేత విప్పును. మా విద్యార్థులలో పద్యము విని అర్థము గ్రహించువారు, చదివి గ్రహించువారికంటె తక్కువైన ఈ కాలమున, అక్షరజ్ఞానము లేని ప్రేక్షకులు రాత్రి తెల్లవార్లును వృత్తములను విని ఆనందించిరనుట ఆశ్చర్యకరమైన విషయము. ఆ యానందమునకు నటులిచ్చిన వ్యాఖ్యానమే కారణమని మా విశ్వాసము.

ఈ విద్యతో కమలాబాయి బొంబాయి చేరినది. 1931 మార్చి 14న 'ఆలం ఆరా' విడుదలయై భారతీయ చిత్రము మాటలాడ నేర్చెను. ఆ చిత్రమును నిర్మించిన ఇంపీరియల్ సంస్థయే, అర్దెషిర్ ఇరానీ యాజమాన్యమున, హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున 'భక్తప్రహ్లాద'ను నిర్మించినది. మూలము ధర్మవరమువారి నాటకము. పాటలు వ్రాసినవారిలో చందాల కేశవదాసుగారు ముఖ్యులు. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడుగా సింధూరి కృష్ణారావు, లీలావతిగా కమలాబాయి నటించిరి. ఎల్. వి. ప్రసాద్ చిన్న వేషమున కనబడెను.

ఈ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని దశాబ్దములపాటు పుస్తకములందు వ్రాయబడుచు వచ్చినది. రెంటాల జయదేవగారి పరిశోధనవలన చిత్రమునకు సెన్సారు అనుమతి 1932 జనవరిలో లభించినదనియు, బొంబాయిలో తొలి విడుదల 1932 ఫిబ్రవరి 6న జరిగినదనియు తేలినది. ఇది తేదీల పట్టింపు మాత్రమే యని కొందరు తీసివేయుదురు. అట్లు కాదు. 1931 అక్టోబరు 31న విడుదలైన 'కాళిదాస్' ఇదే దర్శకుని కృతి. అందు తమిళముతోపాటు తెలుగును వినబడెను. తేదీ మారుటతో తెరపై తెలుగు మాట తొలిసారి వినబడినది 'కాళిదాస్'లో నని యంగీకరింపవలసివచ్చుచున్నది. అయినను పూర్తిగా తెలుగున నడచిన తొలి చిత్రపు నాయిక కమలాబాయియే యనుటకు భంగము లేదు. ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు ఎత్తివ్రాయబడిన తేదీని పత్రముతో సరిచూచుట యెంత యవసరమో పరిశోధక విద్యార్థులు ఈ యుదాహరణమువలన గ్రహింతురుగాక.

'ప్రథమ నటి' అను బిరుదు విషయమునను జాగ్రత్త యవసరము. ఫాల్కే 1913లో నిర్మించిన మూగచిత్రము 'మోహినీ భస్మాసుర'లో నటించిన కమలాబాయి గోఖలే మరాఠీ రంగస్థలమునకు చెందినది. పేరు సామ్యమువలన ఒకరి సంగతులు వేరొకరికి అంటగట్టబడు ప్రమాదము కలదు. ఆమె మూగతెరకు ముఖమునిచ్చినది. మన కమలాబాయిని తెరకు పిలిచినది ఆమె గొంతు.

ఆ గొంతును తెర యెట్లు స్వీకరించినది? తొలి టాకీలలో నటులే పాడవలెను, నటించుచున్నప్పుడే పాడవలెను. వాద్యగాండ్రు కెమెరాకు కనబడని చోట కూర్చుండవలెను. 'ఆలం ఆరా' చిత్రీకరణము రైలుబండ్ల రొదకు భయపడి రాత్రివేళలందు జరిగిన సంగతి ప్రసిద్ధము. డేరా చివరి శ్రోతను ఉద్దేశించి పాడుటకు అలవాటుపడిన నటికి ఇప్పుడు శ్రోత మూరెడు దూరమున నున్న యంత్రము. గొంతెత్తినచో యంత్రము కమ్ముకొనును; తగ్గించినచో పద్యము చప్పబడును. మరియొక చిక్కు కలదు: 'వన్స్ మోర్' లేదు. పద్యనటికి ప్రేక్షకుని కేకయే కొలబద్ద; అది చూచుకొని రాగము పెంచుటయో కుదించుటయో జరిగెడిది. నిశ్శబ్దమైన స్టూడియోలో ఆ కొలబద్ద పోయినది.

తొలి తెలుగు చిత్రములు 'తెరకెక్కిన నాటకములు' మాత్రమేయని విమర్శకులు చులకనగా వ్రాసిరి. ఈ విమర్శలో సత్యము లేకపోలేదు. కెమెరా కదలక, పాత్రలు వరుసగా నిలిచి పాడిన మాట నిజమే. కాని ఆనాడు వేరొక విద్య యెచ్చట నున్నది? మాటను, పాటను, ముఖమును ఒకేసారి, తప్పు లేకుండ, ఆగకుండ నిర్వహింపగలవారు తెలుగుదేశమున రంగస్థల నటులొక్కరే. నాటకీయత యని నిందింపబడినదే ఆ చిత్రములను సాధ్యము చేసినది. ఆ ఋణమును విస్మరించి నిందను మాత్రము నిలుపుట న్యాయము కాదు.

అదే 1932లో బొంబాయిలోని సాగర్ సంస్థ సర్వోత్తమ బాదామి దర్శకత్వమున 'పాదుకా పట్టాభిషేకము', 'శకుంతల' చిత్రములను తీసినది. మొదటిదానిలో సీతగను, రెండవదానిలో యడవల్లి సూర్యనారాయణగారి దుష్యంతునకు శకుంతలగను కమలాబాయి నటించినది. ఆపై కొంతకాలము ఆమె బొంబాయిలోనే యుండి హిందీ చిత్రములందు పనిచేసినది. ఈ ఘట్టమును తేలికగా దాటరాదు. పద్యమున పుట్టిన నటి పద్యము లేని భాషలో, తనకు ఇంటిభాష కాని తెలుగునుండి మరియొక భాషకు, పోయి నిలద్రొక్కుకొనినది. మహారాష్ట్ర మూలముగల కుటుంబము, తెలుగు రంగము, హిందీ తెర — మూడింటిని ఒకే గొంతు మోసినది.

ఆమె వెనుక మరికొందరు ఈ దారిని వచ్చిరి. దాసరి కోటిరత్నముగారు స్వయముగా సమాజమును నడపి, 1935 నాటి 'సతీ సక్కుబాయి'తో తెరకు వచ్చిరి. కన్నాంబగారు అదే సంవత్సరము 'హరిశ్చంద్ర'లో చంద్రమతిగా వచ్చి, పద్యపు గొంతును సంభాషణలోనికి మార్చుకొని, దీర్ఘకాలము నిలిచిరి. వారిదే యొక ప్రత్యేక వ్యాసమునకు తగిన విషయము.

ఇంతలో తెరవెనుక గానము వచ్చినది. ఒకరు పాడుట, వేరొకరు పెదవి కదలించుట రివాజైనది. తోలుబొమ్మలాటనాటి యేర్పాటే యిది. బొమ్మ స్థానమున నటి నిలిచినది. గొంతే పెట్టుబడిగా గలవారికి ఇది గొడ్డలిపెట్టు. పద్యమును విరామముతో విప్పు నేర్పు నటినుండి గాయకుని చేతికి పోయినది.

1951 మార్చిలో విడుదలైన విజయావారి 'పాతాళభైరవి'లో కమలాబాయి తోటరాముని తల్లి. రాకుమారిని వలచి ప్రాణముమీదికి తెచ్చుకొన్న కొడుకును చూచి కుమిలిపోవు పేదరాలి పాత్రమది. ఆ పాత్ర బలము పాటలో లేదు, మాటలో నున్నది. 'భక్తప్రహ్లాద' ప్రతి నేడు లభ్యము కాదు. లీలావతి గానమెట్టిదో విను భాగ్యము మనకు లేదు. 'పాతాళభైరవి' లభ్యము. పరిశోధక విద్యార్థులు దానిని వేడుకకొరకు గాక, చెవియొగ్గి ఒకసారి వినవలెనని మా సూచన. తల్లి కొడుకును మందలించు సన్నివేశములందు మాట యెచ్చట ఆగుచున్నది, ఎచ్చట ఊపిరి తీయబడుచున్నది, వాక్యాంతమున స్వరమెట్లు దిగుచున్నది గుర్తించి వ్రాసికొని, పద్యనాటకములాడు పెద్దలచేత ఒక సీసపద్యమును చదివించి, దానితో పోల్చిచూడవలెను.