ముంపు చేలకు స్వర్ణ-సబ్ 1 వరి

వరి నీటిలో పెరుగు పైరే గాని, నిలువెల్ల నీట మునిగి బ్రదుకు పైరు గాదు. గోదావరి డెల్టాలో మురుగు కాలువల ప్రక్కన వ్యవసాయము చేయు రైతు సోదరులకు ఈ సంగతి వేరొకరు చెప్పవలసిన పని లేదు. ఊడ్పులైన కొన్నాళ్లకే కాలువ పొంగి చేను మునుగును. వరద తీయుటకు వారము దాటినచో దుబ్బులు కుళ్లిపోవును. మరల నారు కొరకు ఊరూర తిరుగవలెను. ఇట్టి ముంపును తట్టుకొను వరి యొకటి మన స్వర్ణ నుండియే వచ్చినది. దాని పుట్టుక వృక్షశాస్త్రజ్ఞుల పని. అది పల్లెలలో ఏమి చేసినదో లెక్క తీసినది అర్థశాస్త్రజ్ఞులు. ఈ రెండవ సంగతి గ్రామాధికారులు ముఖ్యముగా గమనింపదగినది.

స్వర్ణ అనగా ఎం.టి.యు. 7029. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనా స్థానమున వశిష్ఠ, మసూరి రకములను సంకరపరచి తీసిన ఈ రకము 1982లో విడుదలైనది. మన ప్రాంతము దాటి ఒడిశా, బెంగాలు, బీహారు వరకు పోయినది. దాని లోపము ముంపునకు ఆగకపోవుట. ఒడిశాలోనే ధాలపుటియా అను నాటు వరి నుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ అను రకము కలదు. అది రెండు వారములు మునిగినను చావదు. కాని ఎత్తుగా పెరుగును, దిగుబడి స్వల్పము.

మునిగిన వరి ఎందువలన చచ్చును? మొక్కలో పుట్టు ఎథిలీన్ అను వాయువు నీటిలో బయటకు పోలేక లోపలనే నిలిచిపోవును. అది మొక్కను పొడవు పెరుగుమని తొందరపెట్టును. తల నీటిపైకి ఎత్తవలెనని మొక్క తాను దాచుకొన్న పిండిపదార్థమంతయు ఖర్చు చేయును. వరద తీసిన నాటికి గాదె ఊడ్చుకొన్న సంసారి వలె చతికిలబడును. ఎఫ్.ఆర్. 13ఎ అట్లు చేయదు. ఎదుగుదల మాని, ఉన్న నిలువను పొదుపుగా వాడుకొనుచు ఊపిరి బిగబట్టి యుండును. ఈ గుణము 9వ క్రోమోజోము మీద నున్నట్లు 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ గుర్తించిరి. 2006లో సబ్1ఎ అను జన్యువే దొరికినది.

ఆ జన్యువును స్వర్ణలోనికి తెచ్చినది ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ. ప్రతి తరములో లేత ఆకు ముక్క నుండి డి.ఎన్.ఏ. తీసి, ఏ మొక్కలో సబ్1 చేరినదో, ఏ మొక్కలో తక్కినదంతయు స్వర్ణగానే నిలిచినదో ఆనవాళ్లను బట్టి ఏరి, వానిని మరల స్వర్ణతోనే సంకరపరచిరి. ప్రతి తరమును నీట ముంచి చూచు శ్రమ తప్పినది. నీరజ మున్నగువారు ఈ పద్ధతిని 2007లో ప్రకటించిరి. 2009లో స్వర్ణ-సబ్ 1 మన దేశమున విడుదలైనది.

ఇక పల్లెల సంగతి. 2011లో ఒడిశాలోని భద్రక్, బాలేశ్వర్ జిల్లాలలో 128 గ్రామములు తీసుకొని, చీటీలు వేసినట్లు సగము గ్రామములను ఎంచి, అచ్చటి కొందరు రైతులకు ఐదేసి కిలోల విత్తనము ఇచ్చిరి. చీటీలు ఎందుకందురా? మంచి విత్తనము మొదట చేరునది ఊరిలో ముందున్న రైతుకే గదా. అప్పుడు పెరిగిన దిగుబడి విత్తనము గొప్పయో, రైతు గొప్పయో తేలదు. ఆ సంవత్సరము వరదలు కూడ వచ్చినవి. పది దినములు మునిగిన చేలలో స్వర్ణ కంటె దీని దిగుబడి సుమారు 45 శాతము ఎక్కువని తేలినది. మునుగని చోట నష్టమేమియు లేదు.

మరుసటి ఏట మరింత విచిత్రము కనబడినది. ఈ విత్తనము గల రైతులు వెదజల్లుట తగ్గించి ఊడ్పులు పెంచిరి. ఎరువు ఎక్కువ వేసిరి. సాగు విస్తీర్ణము పెంచిరి. అప్పు కూడ తీసుకొనిరి. మునిగిపోవు చేనిలో ఎరువు వేయుట ఏటిలో వేయుటయే యని ఇంతకు ముందు చేయి బిగబట్టిన వారే వీరు. కలుగు లాభములో పెద్ద పాలు ఈ అదనపు పెట్టుబడి వలననే యని పరిశోధకుల లెక్క. పల్లపు రైతుకు సోమరితనము అంటగట్టు పెద్దలు దీనిని గమనింతురు గాక.

అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి. హెచ్చుగా మునుగు పల్లపు భూములలో షెడ్యూల్డు కులముల వారి సాగు ఎక్కువగా నున్నదని ఆ పరిశోధనలోనే తేలినది. కావున ఈ విత్తనము అందరి కంటె వారికే ఎక్కువ అక్కరకు వచ్చును. కాని విత్తనము తనంతట తాను అచ్చటికి నడచి పోదు. ఇరుగుపొరుగుల చేతి మార్పిడికి విడిచిన చోట అది బంధువర్గములోను, ఒకే ఇంటిపేరు వారిలోను తిరిగినది. ఇంటింటికి తీసుకొనిపోయి అమ్మిన చోట చాల ఎక్కువ మంది కొనిరి. కనుక గ్రామాధికారులారా, విత్తనపు జాబితా వ్రాయునపుడు మురుగు కాలువ వెంబడి నున్న సర్వే నంబర్లతో మొదలిడుడు. అడంగలులో పేరు లేని కౌలుదారును కూడ చేని గట్టుననే పలుకరించుడు.

ఈ రకము సర్వరోగ నివారిణి కాదు. రెండు వారములు దాటిన ముంపునకు ఆగదు. పూత దశలో మునిగినచో దీనికిని నష్టమే. చల్లిన విత్తనము నీటి అడుగున మొలకెత్తుటకు సబ్1 తోడ్పడదు. మోకాలి లోతు నీరు నెలల తరబడి నిలుచు చేలకు ఇది తగదు. నీరు బురదగాను, వెచ్చగాను ఉన్నచో బ్రదుకు దుబ్బులు తగ్గును. ముంపునకు ముందు యూరియా దట్టముగా వేసిన పైరు త్వరగా చచ్చును. వరద తీసి క్రొత్త ఆకు వచ్చిన పిదప వేయుట మేలు.

వరద తీసిన దినమున చేను చచ్చినట్లే కనబడును. ఆకులు కుళ్లి, బురద పట్టి యుండును. తొందరపడి దున్నివేయక ఒక వారము ఆగి మొవ్వు చూడుడు.

విత్తనము కొనునపుడు గింజ పొట్టు చూడుడు. స్వర్ణ గింజ బంగారు వన్నె. స్వర్ణ-సబ్ 1 గింజ మామూలు ఎండుగడ్డి రంగు. రెండును కలిసియున్న సంచిని కొనవలదు.