అటక మీద ఒట్టు: డేటన్ నగరం, 1913

1913 మార్చి 25, మంగళవారం. తెల్లవారుజామున అయిదున్నరకు అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, డేటన్ నగర ఇంజనీరు నది సంగతి చెప్పాడు: ప్రవాహం లక్ష క్యూసెక్కులు, నీళ్లు కరకట్ట అంచును తాకుతున్నాయి. అరగంటలో కట్ట పొర్లింది. ఎనిమిదింటికి గండ్లు పడ్డాయి. మర్నాటికి ఊరి నడిబొడ్డున 20 అడుగుల నీళ్లు. పై అంతస్తులో తలదాచుకున్న వాళ్లు కూడా అక్కణ్నుంచి అటకల మీదికి, ఇంటి కప్పుల మీదికి ఎక్కాల్సి వచ్చింది.

1910 జనాభా లెక్కల్లో డేటన్ జనం 1,16,577. క్యాష్ రిజిస్టర్ల తయారీకి పేరుమోసిన ఊరు. విమానం చేసిన రైట్ సోదరుల ఊరు. గ్రేట్ మయామీ నదిలో స్టిల్‌వాటర్, మ్యాడ్ నదులు, ఊల్ఫ్ క్రీక్ అనే వాగు వచ్చి కలిసేది ఈ ఊరి దగ్గరే. అందుకే 1805, 1828, 1847, 1866, 1898లలో మునిగింది. మునిగిన ప్రతిసారీ కట్టలు కాస్త ఎత్తు పెంచుకుని మళ్లీ అక్కడే కాపురం పెట్టింది.

ఈసారి వాన ఈస్టర్ ఆదివారం, మార్చి 23న పట్టుకుంది. నేల అప్పటికే నాని ఉంది. నాలుగైదు రోజుల్లో లోయ అంతటా 8 నుంచి 11 అంగుళాలు కురిసింది. అందులో తొంభై శాతం భూమిలో ఇంకకుండా నేరుగా నదిలోకే వచ్చింది. ఉధృతి తారస్థాయికి చేరినప్పుడు రెండున్నర లక్షల క్యూసెక్కులు వచ్చిందని తర్వాత ఇంజనీర్లు లెక్క కట్టారు. మంగళవారం పొద్దున కట్ట అంచును తాకిన నీటికి ఇది రెండున్నర రెట్లు. కట్టను మరో రెండడుగులు లేపినంత మాత్రాన ఆగే నీళ్లు కావవి.

మయామీ లోయలో 360 మందికి పైగా చనిపోయారు. 65,000 మంది ఇళ్లు వదిలారు. సుమారు 1,400 గుర్రాలు వీధుల్లోనే చచ్చిపడ్డాయి. బళ్లు లాగేది అవే, చెత్త ఎత్తేదీ అవే, కాబట్టి ఊరు కాళ్లు కూడా పోగొట్టుకున్నట్టే. గ్యాస్ గొట్టాలు పగిలి నీళ్ల మధ్యే మంటలు లేచాయి. నష్టం 10 కోట్ల డాలర్లు దాటింది.

రైట్ కుటుంబం ఇల్లూ మునిగింది. పెరటి షెడ్డులో గాజు పలకల ఫొటో నెగెటివ్‌లు ఉన్నాయి. 1903లో తొలిసారి విమానం నేల విడిచిన క్షణం వాటిలో ఉంది. ఆ పలక నీళ్లలో నాని ఒక మూల దెబ్బతింది. విమానం ఉన్న భాగం మాత్రం చెక్కుచెదరలేదు. మనం ఇవాళ చూసే ఆ ఫొటో ఈ వరద నుంచి బయటపడ్డదే.

ఊరికి దక్షిణాన మెరక మీద నేషనల్ క్యాష్ రిజిస్టర్ ఫ్యాక్టరీ ఉండేది. యజమాని జాన్ ప్యాటర్సన్‌కు 68 ఏళ్లు. అంతకు ముందు నెలలోనే, ఫిబ్రవరిలో, పోటీదారులను అక్రమంగా అణగదొక్కాడని కోర్టు అతనికి ఏడాది జైలు వేసింది. అప్పీలు నడుస్తోంది. అలాంటి మనిషి వడ్రంగులను కూర్చోబెట్టి పడవలు చేయించాడు. అడుగు చదునుగా ఉండే పడవలు, దాదాపు 300. ఫ్యాక్టరీలోనే వంట, పడక, వైద్యం. దేశం అతన్ని వీరుడిగా మోసింది. 1915లో పైకోర్టు శిక్ష కొట్టేసింది. ఆ పడవలు ప్రాణాలు కాపాడాయి, ఆ కేసూ నిజమే. ఈ రెండింటినీ కలిపే చెప్పాలి. ఒకదాన్ని దాచి రెండోది చెబితే ఆ మనిషికీ, ఆ ఊరికీ అన్యాయమే.

బురద తీస్తుండగానే, ఊరు మళ్లీ మునగకుండా చూసేందుకు చందాలు మొదలయ్యాయి. అటక మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నప్పుడు పెట్టుకున్న ఒట్టు గుర్తుంచుకోండి అన్నదే నినాదం. కొద్ది వారాల్లో 20 లక్షల డాలర్లు దాటాయి. తలకు 17 డాలర్లు, అయిదుగురున్న ఇంటికి 85. మరుసటి ఏడు జనవరిలో ఫోర్డ్ కంపెనీ ప్రకటించి దేశాన్ని ఆశ్చర్యపరిచిన కూలీ రోజుకు 5 డాలర్లు. ఆ లెక్కన 85 డాలర్లంటే 17 రోజుల కష్టం. పెద్ద వాటా పెద్ద కంపెనీలదే కాబట్టి ఇది సగటు మాత్రమే. అయినా కొంపలు కొట్టుకుపోయిన జనం ఎత్తిన సొమ్ము ఇది. ఆ ఏడాది లెక్కలన్నిటిలో నన్ను కదిలించేది ఇదే.

ఆ ఏడాదే పాలనా మారింది. 1912 సెప్టెంబరు 3న ఒహైయో ఓటర్లు, నగరాలు తమ పాలనా పద్ధతిని తామే రాసుకోవచ్చని తీర్పిచ్చారు. వరద తర్వాత, 1913 ఆగస్టు 12న డేటన్ కొత్త చార్టర్‌కు ఓటేసింది. వార్డు కౌన్సిలర్లు పోయి, ఊరంతా కలిసి ఎన్నుకునే అయిదుగురు కమిషనర్లు వచ్చారు. వాళ్లలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాడే మేయర్. రోజువారీ పని జీతం తీసుకునే మేనేజర్‌ది. సిన్సినాటిలో నగర ఇంజనీరుగా చేసిన హెన్రీ వెయిట్ ఏడాదికి 12,500 డాలర్ల జీతం మీద 1914 జనవరి 1న ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇంత పెద్ద నగరం మేనేజర్ పద్ధతిలోకి రావడం అమెరికాలో అదే మొదలు.

దీన్ని సంస్కరణ అని మురిసిపోయే ముందు రెండు విషయాలు చూడాలి. వార్డు పోతే, ఊరి ఒక మూలన గుంపుగా బతికే బీదవాళ్లు తమ మనిషిని గెలిపించుకోవడం కష్టం. సోషలిస్టులు ఎదిరించింది అందుకే. రెండోది, 1912లో అదే రోజు, అదే బ్యాలెట్ మీద ఆడవాళ్ల ఓటుహక్కు ఓడిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని అటకలెక్కిన తల్లులకు ఆగస్టులో ఓటు లేదు.

చందాలుగా ఎత్తిన సొమ్ముతో ఆర్థర్ మోర్గన్ అనే ఇంజనీరును పిలిచారు. అతని ఆలోచన: నీటిని ఊరి దగ్గర ఆపొద్దు, ఎగువనే నిలబెట్టాలి. అయిదు మట్టి ఆనకట్టలు. గేట్లు ఎత్తారు, దించారు అన్న వార్త వీటికి ఉండదు, ఎందుకంటే గేట్లే లేవు. అడుగున ఎప్పుడూ తెరిచే ఉండే తూములు. దిగువ నది మోయగలిగినంత నీరే వాటిలోంచి పోతుంది. మిగిలింది వెనక నిలిచి, వాన తగ్గాక తనంతట తానే దిగిపోతుంది. చీకట్లో, గాలివానలో పరుగెత్తుకెళ్లి మీట నొక్కాల్సిన మనిషి అక్కర్లేదు.

మోర్గన్ పెట్టిన కొలత 1913 వరద, దాని మీద మరో 40 శాతం. కళ్లముందు జరిగిన దానికి కట్టుకోవడం అందరికీ తోస్తుంది. ఇంకా రాని వరదకు, రూకలన్నీ ఊడ్చుకుపోయిన ఊరు డబ్బు కేటాయించడం మామూలు మాట కాదు. ఎగువ జిల్లాల రైతులు మండిపడ్డారు, కోర్టులకెక్కారు. పట్నం కోసం మా పొలాలు ముంచుతారా అన్న వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. 1914 ఫిబ్రవరిలో గవర్నర్ జేమ్స్ కాక్స్, ఇలాంటి పనులకు జిల్లా సంస్థ పెట్టుకునే వీలిచ్చే చట్టం మీద సంతకం పెట్టాడు. డేటన్‌లో పత్రిక నడిపిన మనిషే ఆయన. 1918లో మొదలైన పనులు 1922లో ముగిశాయి.

నీళ్లు నిలిచే భూముల్లో చాలా వరకు జిల్లా సంస్థ కొని తిరిగి అమ్మింది. ఆ దస్తావేజుల్లో ఒక షరతు రాశారు: దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు, నది వచ్చినప్పుడు మాత్రం దారివ్వాలి. ఎంగిల్‌వుడ్, జర్మన్‌టౌన్, లాకింగ్‌టన్, టేలర్స్‌విల్, హఫ్‌మన్ ఆనకట్టల వెనక మిగతా రోజుల్లో మైదానాలూ మొక్కజొన్న చేలే కనిపిస్తాయి.