కాలి కింద వంతపాట!

గదిలో ఒక్కరే కూర్చుని గిటారు నేర్చుకుంటున్నారా? మీరు కార్డ్స్ వాయిస్తే లీడ్ వాయించేవాళ్లు లేరు. మీరు లీడ్ అందుకుంటే కార్డ్స్ వాయించేవాళ్లు లేరు. ఆ కొరత తీర్చేందుకు అరచేతిలో పట్టే ఓ పెట్టె ఉంది. పేరు లూపర్. అయితే, సరైనది ఎంచుకుంటేనే అది తోడవుతుంది. లేదంటే అటకెక్కుతుంది!

వేదిక మీద ఒకే ఒక్క మనిషి. చేతిలో ఒకటే గిటారు. వెనక డ్రమ్స్ లేవు, పక్కన కీబోర్డు లేదు. అయినా కాసేపటికల్లా ఓ పెద్ద బృందమే దిగినట్టు సంగీతం హోరెత్తిపోతుంది. 2025 ఫిబ్రవరి 2న హైదరాబాద్ రామోజీ ఫిల్మ్‌సిటీలో బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ కచేరీ చూసినవాళ్లకి ఇది అనుభవమే. ఆ తర్వాతి వారం బెంగళూరులో శిల్పారావుతో కలిసి 'దేవర'లోని 'చుట్టమల్లే' పాటను తెలుగులో పాడి మనవాళ్లని మురిపించిందీ ఆయనే. ఆ హోరు రహస్యమంతా ఆయన కాళ్ల దగ్గర ఉంటుంది. అదే లూపర్ పెడల్.

ఇది చేసే పని చాలా చిన్నది. కాలితో ఒకసారి నొక్కితే మీరు వాయించేది రికార్డు చేసుకుంటుంది. మళ్లీ నొక్కితే దాన్నే ఆపకుండా తిప్పి తిప్పి వినిపిస్తుంది. ఇంకోసారి నొక్కితే దానిమీద మరో పొర చేర్చుకోవచ్చు. దీన్నే ఓవర్‌డబ్ అంటారు. బుర్రకథలో కథకుడు చెబుతుంటే పక్కనుండే ఇద్దరూ వంత పాడతారు కదా! ఇక్కడ కథకుడూ మీరే... వంతలూ మీరే.

టేపు నుంచి చిప్పు దాకా

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1951లో లెస్ పాల్, మేరీ ఫోర్డ్ జంట 'హౌ హై ది మూన్' రికార్డులో ఒకే గిటారునీ ఒకే గొంతునీ పొరలు పొరలుగా పేర్చి శ్రోతల్ని ఆశ్చర్యపరిచింది. 1973లో రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో రెండు టేపురికార్డర్ల మధ్య ఒకే టేపును నడిపి గిటారు శబ్దం మళ్లీ మళ్లీ తిరిగొచ్చేలా చేశారు. దానికి బల్లంత సరంజామా కావాల్సొచ్చేది.

తర్వాత టేపు పోయి చిప్పు వచ్చింది. అదీ మొదట్లో ఖరీదే. సీడీ నాణ్యతతో ఒక్క ఛానల్ శబ్దాన్ని దాచాలంటే సెకనుకి 88,200 బైట్లు కావాలి. ఐదు నిమిషాలకి దాదాపు 26 మెగాబైట్లు. ఇవాళ అదో లెక్క కాదు కానీ, అప్పట్లో మెమొరీ బంగారం. అందుకే 1999లో వచ్చిన లైన్ 6 డీఎల్4 పెడల్‌లో లూపు నిడివి 14 సెకన్లే. 2001లో బాస్ కంపెనీ తెచ్చిన ఆర్‌సీ-20తో అది నిమిషాల్లోకి వచ్చింది. ఇప్పుడు అదే కంపెనీ ఆర్‌సీ-5లో ఏకంగా 13 గంటలు రికార్డు చేసుకోవచ్చు.

లూపర్‌ని ఇంటింటికీ పరిచయం చేసింది మాత్రం ఓ టీవీ కార్యక్రమం. 2004లో స్కాట్లాండ్ గాయని కేటీ టన్‌స్టాల్ బీబీసీలో ఒక్క గిటారుతో వచ్చి, దాని డొక్క మీద దరువేసి, గొంతుతో వంత కలిపి, అన్నింటినీ అకాయ్ కంపెనీ పెడల్‌తో లూపు చేసి పాడింది. అది చూసిన కుర్రకారు చాలామంది పెడల్ వేటలో పడ్డారు.

ఎక్కువుంటే మంచిదేనా?

పేచీ అంతా ఇక్కడే. కొట్టుకి వెళ్తే రకరకాల పెట్టెలు కనిపిస్తాయి. ఒకదానికి ఒకే స్విచ్చు, మరోదానికి ఐదారు. ఒకదాంట్లో డ్రమ్ములుంటాయి, ఇంకోదాంట్లో వంద పాటలు దాచుకునే వీలుంటుంది. 'ఎలాగూ కొంటున్నాం కదా, అన్నీ ఉన్నది తీసుకుందాం' అనిపించడం సహజం. కానీ, మామూలుగా పెడల్స్‌తో లేని చిక్కు లూపర్‌తో ఉంది. మిగతావాటిని పాట మొదలయ్యే ముందు సర్దుకోవచ్చు. దీన్ని మాత్రం చేతులు తీగల మీద ఉండగా, పాట నడుస్తుండగా, తాళం తప్పకుండా నొక్కాలి. ఆ క్షణంలో 'ఇంతకీ ఏ స్విచ్చు?' అని తల వంచి వెతుక్కున్నారా... లూపు చెడినట్టే. అందుకే దీని విషయంలో సులువుగా వాడగలగడమే అసలు నాణ్యత.

కొనేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఇంట్లో సాధనకేనా? అయితే ఒక్క స్విచ్చుది చాలు. టీసీ ఎలక్ట్రానిక్ 'డిట్టో'లో ఒక స్విచ్చు, శబ్దం పెంచి తగ్గించే ఒక గుండీ... అంతే! ఐదు నిమిషాల లూపు దాచుకుంటుంది. బాస్ ఆర్‌సీ-1లో 12 నిమిషాలు. లూపు ఎంతవరకు తిరిగిందో చూపేందుకు దానిమీద గుండ్రంగా 24 లైట్లుంటాయి. మళ్లీ మొదటికి ఎప్పుడొస్తుందో కంటికి తెలుస్తుంది కాబట్టి కొత్తవాళ్లకి ఇది ఆసరా.

తాళం నిలవడం లేదా? డ్రమ్ములున్నది చూడండి. ఆర్‌సీ-5లో 57 రకాల లయలున్నాయి. 99 లూపుల్ని విడివిడిగా దాచుకోనూవచ్చు. దానికి తగ్గట్టు నేర్చుకోవాల్సిందీ ఎక్కువే.

పాడతారా? చాలా చిన్న పెడల్స్‌కి మైకు పెట్టుకునే వీలుండదు. గొంతునీ లూపు చేయాలంటే మైకు ఇన్‌పుట్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మీ గిటారుకి పికప్ ఉందా? లేని అకూస్టిక్ గిటారుని పెడల్‌కి నేరుగా కలపలేం. ముందు పికప్ అమర్చుకోవాలి.

అపార్ట్‌మెంటులో ఉంటారా? చిన్న లూపర్లకి సాధారణంగా హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటుండదు. పక్కింటివాళ్లతో మాట పడకూడదనుకుంటే హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న చిన్న యాంప్ కూడా లెక్కలో వేసుకోండి.

కొట్లోనే పరీక్ష

డబ్బులిచ్చే ముందు ఒక్క పావుగంట అడగండి. కాలికి రోజూ వేసుకునే చెప్పులతోనే నిలబడి... రికార్డు చేయడం, వినిపించడం, మరో పొర చేర్చడం, ఆ పొరను తీసేయడం, ఆపేయడం, మొత్తం చెరిపేయడం... ఈ ఆరు పనులూ పెడల్ వైపు చూడకుండా చేయగలిగితే అది మీకు సరిపోయినట్టే.

వీటిలో 'ఆపేయడం' దగ్గర జాగ్రత్త! ఒక్క స్విచ్చు పెడల్స్‌లో ఆపాలంటే గబుక్కున రెండుసార్లు నొక్కాలి. కాస్త ఆలస్యమైతే అది ఆపమన్నట్టు కాకుండా కొత్త పొర మొదలుపెట్టమన్నట్టు అర్థం చేసుకుంటుంది. పాట ముగింపులో ఇది నవ్వులపాలు చేస్తుంది. ఆర్‌సీ-1 లాంటి వాటికి ఆపడానికి విడిగా మరో స్విచ్చు తగిలించుకోవచ్చు.

అడాప్టర్ సంగతీ మరవొద్దు. గిటారు పెడల్స్‌లో ఎక్కువ భాగం 9 వోల్టులవి. పైగా పిన్ను మధ్య భాగం నెగెటివ్. ఇంట్లో ఉన్న ఇంకేదో పరికరం అడాప్టర్‌కి మధ్య భాగం పాజిటివ్ కావచ్చు. పిన్ను పట్టింది కదా అని గుచ్చితే కొత్త పెడల్ పాడయ్యే ప్రమాదముంది. అడాప్టర్ మీదుండే గుర్తు చూశాకే కలపండి.

ఇక, ఇంకా పెడల్స్ ఉన్నవాళ్లు లూపర్‌ని వరుసలో అన్నిటికన్నా చివర, యాంప్‌కి ముందు పెట్టుకోవాలి. అప్పుడు మామూలు శబ్దంతో కార్డ్స్ లూపు చేసి, డిస్టార్షన్ నొక్కి దానిమీద లీడ్ వాయించినా లూపులోని కార్డ్స్ మారవు. లూపర్ ముందుంటే ఆ డిస్టార్షన్ వాటికీ అంటుకుంటుంది.

మొదటి పాఠం

మెట్రోనోమ్‌ని నిమిషానికి 120 దెబ్బలకి పెట్టండి. ఈ మైనర్ రెండు బార్లు, జీ మేజర్ రెండు బార్లు. బారుకి నాలుగు దెబ్బల చొప్పున మొత్తం 16 దెబ్బలు, సరిగ్గా 8 సెకన్లు. మొదటి దెబ్బ మీద నొక్కి రికార్డు మొదలుపెట్టండి. ముగింపు ఎక్కడ? 16వ దెబ్బ మీద కాదు, 17వ దెబ్బ పడే క్షణాన. అంటే మళ్లీ 'ఒకటి' దగ్గర. కొత్తవాళ్లలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆఖరి స్ట్రోక్ అయిపోయిందని తొందరపడి నొక్కేస్తారు. దాంతో ఒక దెబ్బ తగ్గి, లూపు తిరిగినప్పుడల్లా గతుకులో పడ్డ బండిలా ఎగిరిపడుతుంది.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఆది తాళం ఎనిమిది అక్షరాలూ పూర్తి చేసి మళ్లీ సమానికి వచ్చి అందుకోవడమే కదా! తేడా అల్లా, అక్కడ చేత్తో వేసే తాళం ఇక్కడ కాలితో.

లూపు కుదిరాక దానిమీద ఈ, జీ, ఏ, బీ, డీ స్వరాలతో తోచింది వాయించండి. పాశ్చాత్యులు దీన్ని మైనర్ పెంటటోనిక్ అంటారు. మన లెక్కలో ఈ స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే అవి శుద్ధ ధన్యాసి స్వరాలే. మరో సరదా... సీ, జీ స్వరాల్ని మీటి తంబూరలా లూపు చేసి, సీ, డీ, ఈ, జీ, ఏ వాయించి చూడండి. మోహన పలుకుతుంది!

అద్దంలాంటిది

ఫోన్‌లో బ్యాకింగ్ ట్రాకులు దొరుకుతాయి కదా, ఇదెందుకు అనొచ్చు. నిజమే. కానీ ఆ ట్రాకుల్లో వాయించేది ఎవరో నిపుణులు. లూపులో వినిపించేది మీ చెయ్యి. వాయిస్తున్నప్పుడు వేళ్ల మీదుండే ధ్యాసలో మన తప్పులు మనకి వినపడవు. అదే తప్పు ఎనిమిది సెకన్లకోసారి తిరిగి తిరిగి ఎదురైతే? ఎక్కడ తొందరపడుతున్నామో, ఏ కార్డ్ మారేటప్పుడు తడబడుతున్నామో తేటతెల్లమవుతుంది. మొదటి వారం కాస్త చిన్నబుచ్చుకుంటారు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే కుదురుకోవడం మొదలవుతుంది.

అందుకే డబ్బు కొద్దీ కాదు, అవసరం కొద్దీ ఎంచుకోండి. ఒక్క స్విచ్చుతో మొదలుపెట్టి, అది చాలనప్పుడు పెద్దదానికి వెళ్లొచ్చు. వందసార్లు వాయించమన్నా విసుక్కోని తోడు ఇంట్లోనే ఉంటుంది. కాకపోతే ఈ వంతగాడికి సొంత తెలివి లేదు. మీరు తాళం తప్పితే... వాడూ మీతోపాటే, అలుపు లేకుండా తప్పుతూనే ఉంటాడు!