మొగులయ్య గొంతు మీ చెవిదాకా వస్తోందా?

పాలమూరు గడ్డ మీద పాటకు ఎన్నడూ కరువు లేదు. ఆ పాట మన చెవిదాకా సరిగ్గా చేరుతోందా అన్నదే అసలు ప్రశ్న!

'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్ గుర్తుంది కదూ? తమన్ సంగీతంలో 2021 సెప్టెంబరులో విడుదలైంది. ఆ పాట ఎవరి గొంతుతో మొదలవుతుంది? మన నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట వాసి, పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతుతో! మరుసటి ఏడాదే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ గొంతులో ఓ జీర ఉంది, మట్టివాసన ఉంది. నూట యాభై రూపాయల ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. జీర పోయి గుయ్యిమనే మోత మిగులుతుంది!

ఈ మధ్య గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో మొబైల్ షాపులు తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట: "అన్నా, ఇది తీస్కో. బేస్ జబర్దస్త్ కొడ్తది!" కొడుతుంది, కాదనను. కొట్టేది పాటనే!

జాక్ మాయమైన కథ

మన మూడు జిల్లాలూ ఏర్పడింది 2016 అక్టోబరు 11న. సరిగ్గా అంతకు నెల ముందే ఐఫోన్ 7 వచ్చింది, ఇయర్‌ఫోన్ గుచ్చుకునే గుండ్రటి జాక్ లేకుండా! తర్వాత ఆండ్రాయిడ్ కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. అలా మన జేబులోకి కన్వర్టర్ అనే చిన్న వైరుముక్క వచ్చిపడింది.

ఇంతకీ అదేం చేస్తుంది? ఫోన్‌లో పాట అంకెల వరసగా ఉంటుంది. మన చెవికి అంకెలు వినబడవు కదా! 'డాక్' అనే చిప్ ఆ అంకెలను కరెంటు అలలుగా మారుస్తుంది. పక్కనే ఉండే బుల్లి ఆంప్లిఫైయర్ ఆ అలలకు బలమిచ్చి ఇయర్‌ఫోన్‌లోకి తోస్తుంది.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది సుమా! చూడటానికి ఒకేలా ఉండే టైప్-సి కన్వర్టర్లు రెండు రకాలు. ఒకదానిలో డాక్ చిప్ ఉంటుంది. రెండోది ఉత్త వైరు. కొన్ని ఫోన్లకే పనిచేస్తుంది. అందుకే "డాక్ ఉన్నదేనా?" అని అడగండి. మీ ఫోన్‌కే పెట్టి, పాట విన్నాకే డబ్బులివ్వండి.

డబ్బు దేనికి పెట్టాలి?

నా మాట వింటే ముందు ఇయర్‌ఫోన్‌కే! ఆపిల్ వారి చిన్న కన్వర్టరే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాకా మోస్తుంది. సీడీ ప్రమాణం 16 బిట్, 44.1 మాత్రమే. అయితే ఆ కన్వర్టర్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సన్నగా పలుకుతుంది. జాగ్రత్త! చేతిలో రెండువేలుంటే పదిహేను వందలు ఇయర్‌ఫోన్‌కు, మిగిలింది కన్వర్టర్‌కు పెట్టండి. మీ ఫోన్‌కు జాక్ ఉందా? అయితే ఆ మిగిలింది కూడా ఇయర్‌ఫోన్‌కే!

కొనేటప్పుడు 'ఓమ్స్' అంకె చూడండి. మూన్‌డ్రాప్ చూ 2 వంటి 18 ఓమ్స్ ఇయర్‌ఫోన్‌ను ఫోన్ సులువుగా మోస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డి 600 ఏకంగా 300 ఓమ్స్! దానికి బలమైన ఆంప్లిఫైయర్ కావాలి. ఖరీదైనది కదా అని ఫోన్‌కు తగిలిస్తే నీరసంగా పాడుతుంది.

బస్సులో తిరిగేవాళ్ళకు చెవి లోపల బిగుసుకునే రకమే మేలు. రబ్బరు టోపీ సైజు మాత్రం సరిపోవాలి. వదులైతే బేస్ కారిపోతుంది, బస్సు మోత లోపలికొస్తుంది. ఇంట్లో వినడానికైతే 1984లో పుట్టి నేటికీ అమ్ముడవుతున్న కాస్ పోర్టా ప్రో ఉంది. కానీ అది తెరిచి ఉండే రకం. మీ పాట పక్కవాళ్ళూ వింటారు!

బ్లూటూత్ సంగతంటారా? సీడీ పాట సెకనుకు 1,411 కిలోబిట్లు. సోనీ వారి ఎల్‌డాక్ పద్ధతి మహా అయితే 990 మోస్తుంది. ఐఫోన్‌లో అదీ లేదు. రోజువారీ వినికిడికి బ్లూటూత్ చాలు, తప్పులేదు. కానీ లాస్‌లెస్ పాటలకు చందా కట్టి బ్లూటూత్‌లో వినడమంటే పాయసం వండి జల్లెడలో వడ్డించడమే!

చెవులు రెండే

బస్సు మోత మింగేస్తోందని వాల్యూం పెంచేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ళ శబ్దం వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి చేరితే నాలుగంటే నాలుగు గంటలే! చెవిలో సరిగ్గా బిగిసే ఇయర్‌ఫోన్ బయటి మోతను ఆపుతుంది, వాల్యూం పెంచే పని తప్పిస్తుంది. ఆ లెక్కన మంచి ఇయర్‌ఫోన్ షోకు కాదు, చెవికి కాపలా. ఇయర్‌ఫోన్ పోతే మళ్ళీ కొనుక్కుంటాం. వినికిడి పోతే ఏ షాపులో దొరుకుతుంది?

చివరగా ఓ కిటుకు. షాపువాడు పెట్టే పాట వినకండి, అది వాడి సరుకుకు తగ్గట్టు ఎంచుకున్న పాట! మీకు కంఠతా వచ్చిన పాట పెట్టండి. గోరటి వెంకన్న పాట పెట్టండి, మాట మాటా విడిగా వినబడాలి. మొగులయ్య పాట పెట్టండి, వాద్యాలు హోరెత్తినా జీర జీరగానే ఉండాలి. అలా వినబడితే బేరమాడండి. లేదంటే ఎంత బ్రాండైనా సరే, దండం పెట్టి పక్క షాపుకు నడవండి!