పట్టభద్రుని పలుపుత్రాడు

హైదరాబాదు చెంతనున్న చిలుకూరి బాలాజీని మన యువకులు ‘వీసా దేవుడ’ని పిలుచుకొనుట సర్వజనవిదితము. కోరిక కోరి పదునొకండు ప్రదక్షిణములు, అది నెరవేరిన పిదప నూటయెనిమిది ప్రదక్షిణములు చేయుట అచటి ఆచారము. భక్తిని పరిహసించుట మా యుద్దేశము కాదు. కాని పట్టమును, అనుభవమును, ఉద్యోగమిచ్చెదనను యజమానిని సంపాదించుకొన్నవాడు సయితము తుదకు దైవముపై భారము వేయవలసి వచ్చుచున్నదన్నచో, ఆ విధానమునందే యేదో లోపముండవలెను. ఆ లోపమును గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

అమెరికా సంయుక్తరాష్ట్రములు 1990వ సంవత్సరపు వలస శాసనముచే హెచ్-1బి వీసాను నేటి రూపమున నెలకొల్పినవి. ఏటికి 65,000 మందికి అవకాశము. 2004 శాసనముచే, అచటి విశ్వవిద్యాలయములలో మాస్టర్స్ పట్టమో అంతకు పైదియో పొందినవారికి మరి 20,000 చేర్చిరి. విశ్వవిద్యాలయములకును, లాభాపేక్ష లేని పరిశోధనాలయములకును ఈ మితి లేదు. 2023లో ఈ కొలది స్థానములకు వచ్చిన నమోదులు ఏడు లక్షల ఎనుబది వేలు దాటినవి. కావున లాటరీ తప్పలేదు. ఒక్క మనుష్యునకై పెక్కు సంస్థలు చీటీలు వేయుట బయల్పడగా, 2024లో మనిషికొక్క చీటి యను నియమము వచ్చెను. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంపు, దేశము వెలుపలనున్నవారి కొరకు వేయు క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన గావించెను. ఇటీవలి యేండ్లలో ఈ వీసాలు పొందినవారిలో నూటికి డెబ్బదిమంది భారతీయులే. వారిలో తెలుగువారి పాలు స్వల్పము కాదని మన గ్రామములలోని యే వీధి నడిగినను చెప్పును.

సంఖ్యలను గూర్చియు, రుసుములను గూర్చియు చర్చ కావలసినంత జరిగినది. అంతకంటె ముఖ్యమని మాకు దోచునది వేరొకటి. ఈ వీసాకు దరఖాస్తు పెట్టువాడు ఉద్యోగి కాడు, యజమాని. ఆ ప్రాంతమున ఆ పనికి చెల్లు వేతనము నిచ్చెదనని కార్మికశాఖకు హామీ వ్రాయువాడతడు. వలసశాఖకు అర్జీ పెట్టువాడును అతడే. విద్య నేర్చినది యొకడు, పని చేయునది యొకడు. ఆ దేశమున నిలుచుటకు ఆధారమగు పత్రము మాత్రము వేరొకని చేతిలోనిది. ఉద్యోగము పోయినచో, 2017లో అమలునకు వచ్చిన నిబంధన ననుసరించి, గరిష్ఠముగా అరువది దినములు గడువు. ఆ లోపల క్రొత్త యజమానిని వెదకుకొనవలెను, లేదా వేరొక వీసా మార్గము చూచుకొనవలెను, లేదా ఇల్లు ఖాళీ చేసి, బిడ్డలను బడి మాన్పించి, సామాను సర్దుకొనవలెను. భార్యాబిడ్డల నివాసమును ఆ ఒక్క దారమునకే వ్రేలాడుచున్నది.

గ్రీన్ కార్డుకై నిరీక్షించువాని స్థితి మరింత దుర్భరము. ఉద్యోగమూలమున నిచ్చు స్థిరనివాసానుమతులు, కుటుంబములతో గూడ, ఏటికి సుమారు 1,40,000. ఏ దేశమునకును నూటికి ఏడు పాళ్లకు మించి యీయరాదని నియమము. నూటనలుబది కోట్ల భారతదేశమునకును, నాలుగు లక్షలైన లేని ఐస్లాండునకును ఒక్కటే కొలమానము! తత్ఫలితముగా మనవారు దశాబ్దముల తరబడి వరుసలో నిలువవలసివచ్చుచున్నది. ఈ లోపల బిడ్డలకు ఇరువదియొక్క యేండ్లు నిండినచో తండ్రి వీసా నీడ వారికి తొలగిపోవును. ఊయలలోనుండగా ఆ గడ్డపై కాలు మోపిన బిడ్డ, యుక్తవయస్సున పరదేశిగా వేరొక అనుమతి కొరకు దేవురింపవలెను.

యజమానిని మార్చుకొను స్వేచ్ఛ శాసనము నందున్నది గదాయని కొందరందురు. నిజమే. 2000 సంవత్సరపు చట్టము ఆ మార్పును సులభము చేసినది. పని చూపకపోయినను వేతనము చెల్లింపవలెనని 1998 శాసనము విధించుచున్నది. కాని స్థిరనివాసపు పత్రములను క్రొత్త యజమాని సాధారణముగ మొదటినుండి నడుపవలెను. వరుసలో స్థానము దక్కినను, శ్రమయు సంశయమును మరల తప్పవు. గుంజ మారినది, పలుపు మారలేదు. వేతనము ఎగవేసిన యజమానిపై ఫిర్యాదు చేయవచ్చును. కాని తన నివాసపత్రము ఎవని చేతిలో నున్నదో వానిపైననే ఫిర్యాదు చేయుటకు సాహసించువా రెందరు?

పాఠకులకు మన పూర్వచరిత్ర స్ఫురించకపోదు. 1860లో చెన్నపట్టణము విడిచిన ట్రూరో నౌకతో నెటాలునకు ఒడంబడిక కూలీల ప్రయాణము మొదలయ్యెను. ఆ దారిని పోయినవారిలో తెలుగువారును పెక్కుమంది. ఐదేండ్లు ఒక్క యజమానికి కట్టుబడి యుండుట ఆ ఒడంబడికలోని ప్రాణాంశము. 1912లో గోఖలే మహాశయుడు కేంద్ర శాసనసభలో దానిని రద్దుచేయవలెనని తీర్మానము తెచ్చి ఓడిపోయెను. అయినను 1917లో ఆ కూలీల సేకరణ నిలిచిపోక తప్పలేదు. నేటి ఇంజనీరును నాటి చెరకుతోట కూలితో సమానుడనుట అతిశయోక్తి యగును. అట్టి మాట నాటివారి కన్నీటికి అపచారము. నేటివానికి మంచి జీతమున్నది, న్యాయస్థానమున్నది, తిరిగి వచ్చుటకు విమానమున్నది. కాని మనుష్యుని నివాసహక్కును ఒక్క యజమాని యిచ్ఛకు ముడివేయు ఆ మూలసూత్రము మాత్రము నామరూపములు మార్చుకొని నిలిచియే యున్నది.

అమెరికా కార్మికుడు తన కూలి తగ్గిపోవుచున్నదని మొరపెట్టుకొనుట యంతయు ద్వేషమే యని మేము తలంపము. పని విడిచిపోలేనివాడు హెచ్చు జీతము నడుగలేడు. అడుగలేనివాడు చౌక, చౌకవాడు ప్రక్కవాని కూలిని గూడ దించును. కనుక మనవానికి బంధమైనదే ఆ దేశీయునకును నష్టమగుచున్నది. దీనికి మందు రుసుము పెంచుట కాదు, పలుపు విప్పుట.

అది యసాధ్యము కాదు. కెనడా 2015నుండి విద్యాభాషానుభవములకు మార్కులు వేసి, యజమాని లేకున్నను స్థిరనివాసము నొసగు పద్ధతిని నడుపుచున్నది. ఆస్ట్రేలియా 2024లో, ఉద్యోగము విడిచినవాని గడువును అరువది దినములనుండి నూటయెనుబదికి పెంచినది. మన కరీంనగరు, నిజామాబాదు ప్రాంతీయులు కష్టములు పడిన గల్ఫు దేశములలో సయితము, ఖతారు 2020లో, ఉద్యోగము మారుటకు పాత యజమాని అనుమతి యక్కరలేదని శాసించినది. ఎడారి రాజ్యమునకు సాధ్యమైనది అమెరికాకు అసాధ్యమా?

మన ప్రభుత్వమునకును కర్తవ్యము కలదు. వాణిజ్యచర్చలలో వీసాల సంఖ్యను మాత్రమే యడుగుట చాలదు. పనివాని స్వేచ్ఛను అడుగవలెను. అమెరికా సామాజిక భద్రతానిధికి మనవారు జీతమునుండి చందా చెల్లించుచున్నారు. పింఛను హక్కునకు పదియేండ్ల చందా కావలెను. ఈ వీసాకు సాధారణ పరిమితి ఆరేండ్లు! ఆ నిధిని గూర్చిన ఒడంబడిక ఉభయదేశముల మధ్య కుదరవలసియున్నది. మన తలిదండ్రులును పొలమమ్మి పంపుటకు ముందు జీతమెంతయని మాత్రమే గాక, పత్రము ఎవరి పేర నున్నదని గూడ విచారింపవలెను.

భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా చేరి, లోకమునకు ప్రాణదాయకములగు మందులను ప్రసాదించి, 1948లో ఆ దేశ పౌరుడు కాకుండగనే కన్నుమూసెను. వచ్చినవాని విద్యను గ్రహించి వానిని మాత్రము గుమ్మమునందే నిలుపుట ఆ దేశమునకు నేటి యలవాటు కాదు. తెలుగువాడు ఎచటి కేగినను కష్టించి పనిచేయుటకు సిద్ధముగ నున్నాడు. పని నచ్చనపుడు గౌరవముగ లేచి వేరొకచోటికి పోగల హక్కు ఆ కష్టములో భాగమే కావలెనని మా దృఢాభిప్రాయము.