అరకులో మనం పెట్టే రూపాయి అక్కడ ఎంతసేపు ఉంటుంది?

పూజా సెలవులు దగ్గరపడితే సంత్రాగాఛి స్టేషన్‌లో నడవడానికి చోటుండదు. బెంగాలీలకు ప్రయాణం కూడా పండగలో భాగమే. ఇక్కడ 'దీ-పు-దా' అని ఒక మాట వాడుకలో ఉంది. దీఘా, పురీ, దార్జీలింగ్, ఈ మూడింటి మొదటి అక్షరాలు. మధ్యతరగతి కుటుంబానికి నాలుగు రోజులు సెలవు దొరికితే వెళ్ళేది ఈ మూడు చోట్లకేనని తమ మీద తామే వేసుకునే జోకు అది. బదిలీ మీద ఇక్కడికి వచ్చాక నేను గమనించింది ఏమిటంటే, ఆ జాబితాలో నాలుగో పేరుగా మన విశాఖ, అరకు చేరాయి. నేను తెలుగువాడినని తెలియగానే కౌంటర్ దగ్గర ఖాతాదారులు అడిగేది, "అరకులో చలి ఎప్పుడు మొదలవుతుంది దాదా?" అనే.

మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు దాదా, బౌదీ కిందటి చలికాలం వెళ్ళి వచ్చారు. ప్యాకేజీ డబ్బు ఇక్కడే కట్టేశారు. ఆ టూర్ కంపెనీ వంటవాళ్ళనీ, బియ్యాన్నీ, ఆవనూనెనీ కూడా వెంట తీసుకెళ్ళింది. బస విశాఖలో. ఒకరోజు పొద్దున్నే రైల్లో అరకు ఎక్కి, సాయంత్రం బస్సులో బొర్రా గుహలు చూసుకుంటూ దిగిపోయారు. "మరి అరకులో ఏం కొన్నారు బౌదీ?" అని అడిగాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. మ్యూజియం టికెట్లు, రెండు కాఫీలు, ఒక కాఫీ పొడి ప్యాకెట్, పిల్లవాడు పేచీ పెడితే బొంగు చికెన్. అంతే. వేలకు వేలు ఖర్చయిన ఆ యాత్రలో అరకు చేతికి చేరింది కొన్ని వందలు.

ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఎల్.ఎఫ్.సి. మీద వెళ్ళినప్పుడు మనమూ చేసేది దాదాపు ఇదే. కాకపోతే డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో చూడటం మన వృత్తి కాబట్టి, ఒక చిన్న కొండ ఊరు పర్యాటకంతో నిజంగా బాగుపడాలంటే ఏం జరగాలో ఈ లెక్క పట్టుకుని చూద్దాం.

ఊళ్ళోకి బయటి నుంచి 100 రూపాయలు వచ్చాయనుకోండి. అందుకున్న ప్రతివారూ అందులో 80 శాతం మళ్ళీ ఆ ఊళ్ళోనే ఖర్చు పెడితే, ఆ 100 కాస్తా 80గా, 64గా, 51గా చేతులు మారుతూ చివరికి మొత్తం 500 రూపాయల వ్యాపారం నడిపిస్తుంది. అలా కాక ప్రతిసారీ 20 శాతమే ఊళ్ళో ఉండి మిగతాది బయటికి పోతే, మొత్తం 125 దగ్గర ఆగిపోతుంది. వచ్చిన మనిషి ఒకడే, ఇచ్చిన నోటూ ఒకటే, ఊరికి జరిగిన మేలులో నాలుగు రెట్లు తేడా. ఆర్థికశాస్త్రంలో దీన్ని మల్టిప్లయర్ అంటారు. బయటికి కారిపోయేదాన్ని లీకేజీ అంటారు. చిల్లుకుండ అంటే ఇంట్లో పిల్లలకు కూడా అర్థమవుతుంది. పర్యాటకం గురించి మనం వినే వార్తల్లో ఎప్పుడూ ఎంతమంది వచ్చారన్న లెక్కే ఉంటుంది. కుండలో ఎంత నిలిచిందన్నది ఎవరూ అడగరు.

అరకు మీదుగా సంపద ఆగకుండా వెళ్ళిపోవడం కొత్త కాదు. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని 1960లలో వేసింది పర్యాటకుల కోసం కాదు, బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి. 2017 ఏప్రిల్‌లో ఆ దారిలో అద్దాల పెట్టె వచ్చాక సొరంగాలు, లోయలు చూడటానికే ఎక్కేవాళ్ళు పెరిగారు. అంతకుముందు ఖనిజం ఆగకుండా దిగిపోయేది, ఇప్పుడు మనుషులు సాయంత్రానికి దిగిపోతున్నారు. రాత్రి బస చేయని యాత్రికుడు రాత్రి భోజనం చేయడు, పొద్దున టిఫిన్ తినడు, సంతలో తిరగడు. లీకేజీలో పెద్ద చిల్లు ఇదే. ఆ తరవాతి చిల్లు, పైకి వచ్చే సరుకు. నీళ్ళ సీసాలు, చిప్సు, వంటనూనె, ఆఖరికి కొన్ని 'గిరిజన' బొమ్మలు కూడా శృంగవరపుకోట దాటి పైకి లారీల్లో వచ్చేవే.

అరకు దగ్గర సొంత సరుకు లేదా అంటే పుష్కలంగా ఉంది. అన్నిటికన్నా ముందు కాఫీ. పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా ప్రభుత్వం ప్రోత్సహించిన ఈ పంట అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరుగుతుంది. అవే చెట్లకు మిరియం తీగ పాకిస్తారు. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్యారిస్‌లో 2017లోనే అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2023లో జీ-20 దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లో అరకు కాఫీ ఉంది. పేరుకు లోటు లేదు. ఆ పేరుకు వచ్చే ధరలో కొండ మీద మిగిలేది ఎంత అన్నదే ప్రశ్న.

దాన్నీ లెక్క వేద్దాం. సుమారు 6 కిలోల కాఫీ పండు నుంచి 1 కిలో పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే బరువు ఇంకొంత తగ్గుతుంది. అంటే ఒక కిలో పొడికి ఏడెనిమిది కిలోల పండు కావాలి. కప్పుకు 10 గ్రాముల పొడి చొప్పున కిలోకు 100 కప్పులు. కప్పు 30 రూపాయలనుకుంటే 3,000. పండు అమ్మి ఊరుకున్న రైతుకు వచ్చేది అందులో చిన్న వాటా మాత్రమే. తోలు తీయడం, కడగడం, ఎండబెట్టడం, వేయించడం, పొడి చేయడం, ప్యాకెట్ కట్టడం, కప్పులో పోసి అందించడం, వీటిలో ఒక్కో పని కొండ దిగిపోయిన కొద్దీ దానికి వచ్చే కూలీ, లాభం కూడా దిగిపోతాయి. అందుకే నా దృష్టిలో ప్యారిస్ దుకాణం ఎంత గర్వకారణమో, అరకు రోడ్డు పక్కన ఒక గిరిజన మహిళా సంఘం సొంత రోస్టర్ పెట్టుకుని నడిపే కాఫీ బండి అంతకన్నా ఎక్కువ పని చేస్తుంది. ఆ 3,000లో చాలా భాగం మర్నాడు అదే ఊరి సంతలో ఖర్చవుతుంది.

1956 నుంచి గిరిజన సహకార సంస్థ, అంటే మనందరికీ తెలిసిన జీసీసీ, చింతపండు, తేనె, కొండ చీపుర్ల వంటి అటవీ ఉత్పత్తులను గిరిజనుల దగ్గర నేరుగా కొంటోంది. కాఫీ కూడా కొంటుంది, తన పేరుతో పొడి అమ్ముతుంది. దళారుల తూకాల మధ్య ఒక ప్రభుత్వ తూకం ఉండటం చిన్న విషయం కాదు.

ఇక బస సంగతి. ఇక్కడ మన బ్యాంకింగ్ వాళ్ళకు తగిలే అసలు ముడి ఉంది. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో కట్టుదిట్టం చేశారు. జనం నోట్లో అదే 'వన్ ఆఫ్ సెవెంటీ'. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు చెల్లదు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదంది. ఆ కేసు మొదలైంది బొర్రా పరిసరాల గనుల మీదే. ఈ చట్టం లేకపోతే అరకు లోయ ఈపాటికి రిసార్టుల సొంతమై, అక్కడి మనుషులు గేటు దగ్గర కాపలాదారులుగా మిగిలేవారు. బినామీ పేర్లతో లాడ్జీలు నడుస్తున్నాయన్న ఫిర్యాదులు ఇప్పటికీ వింటూనే ఉంటాం.

అయితే అదే రక్షణ రుణం దగ్గరికి వచ్చేసరికి అడ్డంకి అవుతుంది. వేలం వేస్తే మరో గిరిజనుడు తప్ప కొనలేని భూమికి మన వాల్యుయేషన్ కాగితాల్లో విలువ పెద్దగా ఉండదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అయితే వారసులకు సంక్రమిస్తుంది కానీ అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. ఇంట్లో రెండు గదులు వేసి, మంచి మరుగుదొడ్డి కట్టి, దుప్పట్లు కొని యాత్రికులను ఉంచుకుందామనుకున్న కుటుంబం బ్యాంకుకు వస్తే, "సెక్యూరిటీ ఏముంది?" అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఆ పెట్టుబడి ఉన్న బయటివాడు ఇంకొకరి పేరు మీద లాడ్జీ కడతాడు.

దీనికి దారి చట్టాన్ని సడలించడం కాదు, తనఖా అడగని రుణం ఇవ్వడం. ఆ సాధనాలు మన చేతిలోనే ఉన్నాయి. 1992లో నాబార్డు ప్రయోగంగా మొదలుపెట్టిన స్వయం సహాయక సంఘాల అనుసంధానం తెలుగు నేల మీద ఎంత వేళ్ళూనిందో మీకు చెప్పక్కర్లేదు. 2015లో వచ్చిన ముద్రా రుణాలకు తనఖా అక్కర్లేదు. శిశులో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు ఇస్తారు. తరుణ్ రుణం సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇవ్వవచ్చని 2024లో పెంచారు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామని ప్రత్యేకంగా చెప్పారు. రెండు గదుల హోమ్‌స్టేకు కిశోర్ పరిధి సరిపోతుంది.

వాయిదాల విషయంలో మాత్రం మన అలవాటు మారాలి. పంట రుణానికి కోత చూసి గడువు పెడతాం. హోమ్‌స్టేకు మాత్రం నెలనెలా సమానమైన కిస్తీ అడుగుతాం. అరకుకు జనం వచ్చేది ఎక్కువగా వలిసె పూలు విరబూసే రోజుల నుంచి సంక్రాంతి దాటేవరకు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రైలే ఆగిపోయే రోజులుంటాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు పెద్ద వాయిదాలు, వానల్లో వడ్డీ మాత్రమే అన్న పద్ధతి పెడితే చాలా ఖాతాలు మొండి బాకీల జాబితాలోకి వెళ్ళకుండా ఉంటాయని నా అభిప్రాయం.

మన గురించి కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. చిల్లుల్లో ఒక చిల్లు బ్యాంకు శాఖే కావచ్చు. కొండ ఊళ్ళో పొదుపు సేకరించి, ఆ డబ్బును నగరంలో అప్పుగా ఇస్తే అదీ లీకేజీయే. దీన్ని పట్టి చూపేదే సీడీ రేషియో, అంటే సేకరించిన ప్రతి 100 రూపాయల డిపాజిట్‌కు అక్కడే ఎంత రుణం ఇచ్చామన్న లెక్క. గ్రామీణ, సెమీ అర్బన్ శాఖల్లో అఖిల భారత స్థాయిలో ఇది 60 శాతం ఉండాలన్నది లక్ష్యం. 40 శాతం కన్నా తగ్గిన జిల్లాల మీద ప్రత్యేక ఉపసంఘం వేయాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇంట్లో మీ నాన్నగారో, అమ్మగారో సమీక్షా సమావేశం నుంచి చిరాగ్గా వచ్చి "సీడీ, సీడీ" అని గొణుక్కుంటే, సంగతి ఇదన్నమాట.

పర్యాటకం ఒక్కదాని మీదే ఊరు ఆధారపడకూడదని దార్జీలింగ్ వైపు చూస్తే అర్థమవుతుంది. అక్కడ పేరుకు తక్కువ లేదు. కొండ రైలుకు 1999లో యునెస్కో గుర్తింపు, దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు ఆ తేయాకుకే. 2017లో ప్రత్యేక రాష్ట్ర ఆందోళనలో 104 రోజులు బంద్ నడిచింది. హోటళ్ళూ, తేయాకు తోటలూ ఒకేసారి మూతపడ్డాయి. రెండు కాళ్ళూ ఒకే బురదలో దిగబడితే ఊరు లేచి నిలబడటం కష్టం. అరకులో ఇంకో రకం చిక్కుంది. కాఫీ కోత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, యాత్రికుల రద్దీ కూడా అప్పుడే. ఇంట్లో ఉన్న నాలుగు చేతులూ పండు కోయాలా, అతిథులకు వండాలా? అందుకే ప్రతి ఇల్లూ హోమ్‌స్టే కానక్కర్లేదు. ఒక సంఘంలో రెండు ఇళ్ళు బస చూసుకుంటే, రెండు ఇళ్ళు వంట, మిగతావాళ్ళు పసుపు, రాజ్మా, మిరియాలు, చోళ్ళ పిండి ప్యాకెట్లు చూసుకోవచ్చు. ఈ సరుకు ఏడాది పొడుగునా అమ్ముడవుతుంది. అద్దాల పెట్టె ఎక్కని ఖాతాదారుడు కూడా కొంటాడు.

మన కుటుంబాల సంగతికి వస్తే, మీ వచ్చే ఎల్.ఎఫ్.సి. బ్లాకులో అరకు ఉంటే ఒక్క రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. ధింసా నాట్యం రిసార్టు లాన్‌లో చూస్తే డబ్బు ఎవరికి చేరుతుందో అడగండి, అడగడంలో తప్పులేదు. కాఫీ ప్యాకెట్ మీద అరకు అన్న పేరుతో సరిపెట్టుకోక, ఎక్కడ తయారైందో, చికోరీ ఎంత కలిపారో చదవండి. వారపు సంత రోజు కుదిరితే వదులుకోకండి. అడ్డాకు విస్తళ్ళు, కొండ చీపుర్లు, అల్లం మన ఊళ్ళో కన్నా తాజాగా దొరుకుతాయి. గుడ్డ సంచి వెంట ఉంచుకోండి. కింది అంతస్తు బౌదీ ఈసారి మళ్ళీ వెళ్తానంటోంది, రాత్రి బసతో. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఆ మలుపుల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, యూపీఐ పని చేయదు. బ్యాంకు వాడిని అయ్యుండి చెబుతున్నానని అనుకోకండి, పది, ఇరవై, యాభై నోట్లు దండిగా పట్టుకెళ్ళండి.